కోనోకార్పస్ వృక్షం: ఉపయోగాలు, లోపాలు, ప్రత్యామ్నాయాలు

గత దశాబ్ద కాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని పట్టణ రహదారుల డివైడర్లపైన, ఇళ్ల స్థలాల లేఅవుట్లలో, కర్మాగారాల ప్రహరీల వెంట, పాఠశాలల ఆవరణలలో విస్తారంగా కనిపిస్తున్న అలంకరణ వృక్షాలలో కోనోకార్పస్ ఒకటి. నేల నుండి కొన వరకు దట్టమైన ఆకులతో, ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ మొక్కను నర్సరీలు, పురపాలక సంఘాలు, గ్రామ పంచాయతీలు ఎంతో ఆసక్తితో నాటించాయి. నేడు అదే మొక్కను నాటరాదని ప్రభుత్వాలు ఆదేశిస్తున్నాయి. కొన్నిచోట్ల నాటిన చేతులతోనే నరికివేతకు పూనుకుంటున్నారు.

ఈ మార్పు ప్రజలలో అనేక సందేహాలకు తావిచ్చింది. ఈ చెట్టు విషపూరితమా? దీని నీడన నిలబడితే ఊపిరి ఆడదనడం నిజమా? పెరిగిన చెట్లను తక్షణం తొలగించాలా? వాటి స్థానంలో ఏమి నాటాలి? రైతులు, సర్పంచులు, ఉపాధ్యాయులు విస్తరణ శాస్త్రవేత్తలను అడిగే ప్రశ్నలు ఇవే. ఒకప్పుడు ఈ మొక్కను పరీక్షించకుండా పొగిడినట్లే, ఇప్పుడు పరీక్షించకుండా నిందించడం కూడా శాస్త్రీయ పద్ధతి కాదు. దీనిపై వినవస్తున్న ఆరోపణలలో దేనికి ఎంత ఆధారం ఉన్నదో విడదీసి చూడవలసి ఉన్నది.

వృక్షశాస్త్ర పరిచయం

కోనోకార్పస్ ప్రజాతి కాంబ్రెటేసి కుటుంబానికి చెందినది. మనకు చిరపరిచితమైన తెల్లమద్ది, కరక, తాని, నాటు బాదం వృక్షాలు ఈ కుటుంబంలోనివే. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరింగ మడ అడవులలో సహజంగా పెరిగే లుమ్నిట్జెరా రేసిమోసా కూడా దీనికి దగ్గరి బంధువు. గ్రీకు భాషలో ‘కోనోస్’ అనగా శంకువు, ‘కార్పోస్’ అనగా ఫలం. ఈ పేరు ఫలాల గుత్తి ఆకారాన్ని బట్టి వచ్చినదే గాని చెట్టు ఆకారాన్ని బట్టి వచ్చినది కాదు.

ఈ ప్రజాతిలో రెండు జాతులు ఉన్నాయి. మొదటిది కోనోకార్పస్ ఎరెక్టస్. దీని జన్మస్థానం అమెరికా ఖండాల ఉష్ణమండల తీరాలు, కరీబియన్ దీవులు, పశ్చిమ ఆఫ్రికా తీరం. లిన్నేయస్ 1753లోనే దీనిని వర్ణించాడు. గుండీలను పోలిన గుండ్రని ఫలపుంజాలు ఉండుట చేత దీనిని ఆంగ్లంలో ‘బటన్ మాంగ్రోవ్’ అని పిలుస్తారు. అయితే నిజమైన మడ జాతులలో కనిపించే శ్వాసవేళ్లు గాని, చెట్టుపైనే విత్తనం మొలకెత్తే లక్షణం గాని దీనికి లేవు. మడ అడవికి భూమివైపు అంచున పెరిగే సహచర వృక్షంగానే దీనిని పరిగణించాలి.

రెండవది కోనోకార్పస్ లాన్సిఫోలియస్. సోమాలియా, జిబూటి, యెమెన్ ప్రాంతాలు దీని స్వస్థలం. వర్షాకాలంలో మాత్రమే పారే వాగుల వెంట ఇది సహజంగా పెరుగుతుంది. ఆకులు సన్నగా, బల్లెపు మొన ఆకారంలో ఉంటాయి. గల్ఫ్ దేశాలలో దీనిని ‘డమాస్’ అని వ్యవహరిస్తారు. ఉపాధి కోసం ఆ దేశాలకు వెళ్లివచ్చిన తెలుగువారికి ఈ పచ్చని వరుసలు కొత్త కాదు.

మన నర్సరీలలోను, వార్తలలోను ఈ రెండు జాతుల పేర్లు కలగలిసి వాడుకలో ఉన్నాయి. ఒక జాతిపై ఇతర దేశాలలో వెలువడిన ఫలితాలను మరొక జాతికి ఆపాదించే ప్రమాదం ఇందువలన ఏర్పడుతున్నది. విద్యార్థులు తమ ప్రాంతంలోని చెట్ల నుండి పూత, ఫలపుంజాలతో కూడిన నమూనాలను సేకరించి, హెర్బేరియంలో సరిపోల్చి, జాతిని నిర్ధారించిన తరువాతనే మిగిలిన పరిశీలనలకు పూనుకోవాలి.

ఇంత వేగంగా ఎందుకు వ్యాపించింది?

ఈ మొక్కకు లభించిన ఆదరణకు స్పష్టమైన కారణాలు ఉన్నాయి. కొమ్మ కత్తిరింపుల నుండి సులభంగా వేళ్లు తొడుగుతుంది. విత్తన సేకరణ, నిల్వ, మొలక శాతం వంటి చిక్కులు నర్సరీకి ఉండవు. నాటిన తరువాత త్వరగా ఎదుగుతుంది. చౌడు నేలను, ఉప్పునీటిని, తీవ్రమైన ఎండను, వాహనాల పొగను తట్టుకుంటుంది. ఎన్నిసార్లు కత్తిరించినా చిగురిస్తుంది గనుక గోడవలె, శంకువువలె, బంతివలె కోరిన ఆకారంలో మలచుకోవచ్చు. ఆకులు ఒక్కసారిగా రాలవు గనుక ఊడ్చే పని కూడా తక్కువ.

వీటికి తోడు మరొక కారణం కూడా గమనించదగినది. మొక్కలు నాటే పథకాల విజయాన్ని సాధారణంగా నాటిన మొక్కల సంఖ్యతోను, వాటిలో బతికిన శాతంతోను కొలుస్తారు. ఈ కొలమానం ప్రకారం చూస్తే వేప, నేరేడు, పొగడ వంటి నెమ్మదిగా ఎదిగే జాతుల కంటె కోనోకార్పస్ ఎప్పుడూ ముందంజలో ఉంటుంది. పక్షికి ఆహారం దొరికిందా, బాటసారికి విశాలమైన నీడ లభించిందా, భూగర్భంలోని గొట్టాలు భద్రంగా ఉన్నాయా అన్న ప్రశ్నలకు ఆ లెక్కలలో చోటు లేదు. కనుక ఒకే జాతి వేల సంఖ్యలో బారులు తీరడానికి మొక్క స్వభావం ఎంత కారణమో, ఎంపిక విధానం కూడా అంతే కారణం.

ఉపయోగాలు

ఈ వృక్షం ఉపయోగాలు కల్పితాలు కావు. ఎడారి ప్రాంతాలలో గాలి వేగాన్ని, ఇసుక కదలికను అడ్డుకొనే రక్షక వరుసలుగా ఇది పనికివచ్చింది. ఇతర జాతులు నిలువలేని ఉప్పు నేలలలో, శుద్ధిచేసిన మురుగునీటిని పారించి దీనిని పెంచవచ్చునని గల్ఫ్ దేశాల అనుభవం చూపింది. దట్టమైన ఆకులు దుమ్మును పట్టి ఉంచుతాయి. సీసం, కాడ్మియం వంటి భారలోహాలున్న నేలలను శుభ్రపరచడానికి దీనిని వినియోగించే అవకాశంపై పాకిస్తాన్, అరబ్బు దేశాలలో పరిశోధనలు జరిగాయి.

కలప గట్టిది, బరువైనది. ఎరెక్టస్ జాతి కలప నెమ్మదిగా, అధిక వేడితో మండుతుంది గనుక కరీబియన్ తీరాలలో వంటచెరకుగా, బొగ్గు తయారీకి చిరకాలంగా వాడుకలో ఉన్నది. బెరడులోని టానిన్లు తోళ్లను పదును చేయడానికి ఉపయోగపడ్డాయి. సోమాలియాలో లాన్సిఫోలియస్ కలపను పడవల నిర్మాణంలో వాడేవారు.

ఫ్లోరిడాలో ఎరెక్టస్ స్థానిక వృక్షం. అక్కడి తీరారణ్యాలలో దీని గరుకైన బెరడుపై ఆర్కిడ్లు, ఇతర పరాశ్రయ మొక్కలు ఆశ్రయం పొందుతాయి. వెండి రంగు ఆకులు గల రకాన్ని అక్కడ కంచెగా, బోన్సాయిగా పెంచుతారు. ఒక చోట జీవవైవిధ్యానికి ఆలంబనగా నిలిచిన చెట్టు మరొక చోట ఒంటరి పచ్చగోడగా మిగలడం ఈ వృక్షాన్ని అర్థం చేసుకొనుటకు కీలకమైన అంశం.

లోపాలు: ఆధారాల బలాబలాలు

పుప్పొడి: అన్నింటికంటె తీవ్రమైన ఆరోపణ ఇదే. ఇరాన్ నైరుతి భాగంలోని ఖుజెస్తాన్ ప్రాంతంలో కోనోకార్పస్‌ను పెద్దయెత్తున నాటారు. అక్కడి అలర్జీ రోగులపై జరిగిన పరిశోధనలు ఈ పుప్పొడిలో అలర్జీ కారక ప్రోటీన్లు ఉన్నట్లు నిర్ధారించాయి. అదే ప్రాంతంలోని అహ్వాజ్ నగరంలో 2013 నవంబరులో శరత్కాలపు తొలి వానల వెంట పెద్ద సంఖ్యలో ప్రజలు శ్వాస ఇబ్బందులతో ఆసుపత్రులలో చేరారు. అందుకు కోనోకార్పస్ కారణమని ప్రజలు అనుమానించారు. అయితే ఉరుములు, వాన, గాలిలోని కాలుష్యం, ఇతర మొక్కల పుప్పొడి కలిసి కలిగించే ఇటువంటి సంఘటనలకు ఒక్క చెట్టునే బాధ్యురాలిని చేయడం కష్టం.

మన దేశంలో సర్కారు తుమ్మ, వయ్యారిభామ, స్థానిక వృక్షమైన నెమలినార పుప్పొడులు కూడా గుర్తింపు పొందిన అలర్జీ కారకాలే. కనుక కోనోకార్పస్ పుప్పొడి హానికరం కాగలదన్నది ఆధారమున్న మాట; ఊరిలోని ప్రతి దగ్గుకు, ప్రతి ఉబ్బసానికి అదే కారణమన్నది ఆధారం లేని మాట. ప్రమాద తీవ్రత ఆ ప్రదేశంలో ఎన్ని చెట్లు ఒకేసారి పూస్తున్నాయి, ప్రజలు ఎంత దగ్గరగా నివసిస్తున్నారు అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఒకే జాతిని వేలకొలది నాటినప్పుడు ఆ ప్రమాదం సహజంగానే పెరుగుతుంది.

వేరు వ్యవస్థ: నీటి కోసం వేళ్లు దూరంగా, బలంగా విస్తరించడం ఎడారిలో ఈ చెట్టుకు రక్షణ. నగరంలో అదే గుణం ఇబ్బందిగా పరిణమిస్తుంది. కువైట్ మొదలైన దేశాలలో మంచినీటి, మురుగునీటి గొట్టాలకు కలిగిన నష్టం ఈ చెట్టుపై అసంతృప్తికి ప్రధాన కారణమయింది. ఇక్కడ జరిగే ప్రక్రియను సరిగా గ్రహించాలి. దృఢమైన గొట్టాన్ని లేతవేరు పగులగొట్టలేదు. అతుకుల వద్ద ఊరే తేమ వేరును ఆకర్షిస్తుంది. సన్నని వేరు ఆ సందులో ప్రవేశించి, లోపల కుచ్చుగా అల్లుకొని, క్రమంగా లావెక్కి అతుకును విడదీస్తుంది. పాతబడిన గొట్టాలు, తక్కువ లోతులో వేసిన తీగలు గల మన పట్టణాలలో ఈ ముప్పు అధికం.

నీటి వినియోగం: సతతహరితమై, దట్టమైన ఆకులు గలిగి, వేగంగా ఎదిగే ఏ వృక్షమైనా తగిన నీరు దొరికినంత కాలం ఎక్కువగానే భాష్పోత్సేకం జరుపుతుంది. కరవును తట్టుకోగలగడం, నీటిని పొదుపుగా వాడడం వేర్వేరు లక్షణాలు. లోతైన వేళ్లతో దూరపు తేమను అందుకొని బతికే చెట్టు కరవును తట్టుకుంటుంది గాని నీటిని ఆదా చేసినట్లు కాదు. బావులు, బోర్లు అడుగంటే మెట్ట ప్రాంతాలలో పొలం గట్లపై దీనిని వరుసలుగా నాటడం ఈ దృష్ట్యా సమర్థనీయం కాదు.

జీవవైవిధ్యం: మన పక్షులకు ఇష్టమైన కండగల పండ్లు గాని, తేనె సమృద్ధిగా గల పూలు గాని దీనికి లేవు. తరచు కత్తిరించే వరుసలలో గూటికి అనువైన కొమ్మలు కూడా ఏర్పడవు. ఒక మర్రి, రావి, మేడి లేదా నేరేడు ఆక్రమించవలసిన చోటును ఇది ఆక్రమించడమే ఇక్కడ అసలైన నష్టం.

ప్రాణవాయువు గురించిన వదంతి: ఈ చెట్టు ప్రాణవాయువును పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును మాత్రమే వదులుతుందని విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. ఇది పూర్తిగా నిరాధారం. ఆకుపచ్చని మొక్కలన్నీ రేయింబవళ్లు శ్వాసిస్తాయి, పగటివేళ కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. ఎదుగుతున్న చెట్టు తన దేహంలో కర్బనాన్ని నిలువ చేసుకుంటున్నదనడానికి దాని ఎదుగుదలే సాక్ష్యం. కోనోకార్పస్ ఈ నియమానికి అతీతం కాదు. సరైన కారణంతో తీసుకున్న నిర్ణయాన్ని తప్పుడు కారణంతో సమర్థించినప్పుడు, ఆ తప్పు బయటపడిన నాడు నిర్ణయంపైనే విశ్వాసం సడలుతుంది. విస్తరణ సిబ్బంది ఈ విషయంలో జాగ్రత్త వహించాలి.

ప్రభుత్వాల నిర్ణయాలు

2015లో హరితహారం కార్యక్రమాన్ని ప్రారంభించిన తెలంగాణ రాష్ట్రం తరువాతి సంవత్సరాలలో కోనోకార్పస్‌ను నాటరాదని నిర్ణయించింది. గుజరాత్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో అటవీ, అటవీయేతర భూములు రెండింటిలోను దీనిని నాటడాన్ని నిషేధించింది. శీతాకాలపు పూత వలన వ్యాపించే పుప్పొడి జలుబు, దగ్గు, ఉబ్బసం, అలర్జీలకు దారితీస్తున్నదని, వేళ్లు సమాచార తీగలకు, మురుగు కాలువలకు, మంచినీటి వ్యవస్థకు నష్టం కలిగిస్తున్నాయని ఆ ఉత్తర్వులో పేర్కొన్నారు. 2025లో తమిళనాడు కూడా నిషేధ మార్గాన్ని అనుసరించింది.

తెలుగు నేలకు సంబంధించిన ఒక పూర్వానుభవం ఇక్కడ స్మరణీయం. మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన సర్కారు తుమ్మను 1870 దశకం చివర కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వంటచెరకు కోసం నాటారు. పశువులు దాని కాయలను తిని, విత్తనాలను పేడ ద్వారా వెదజల్లాయి. నేడు చెరువు గర్భాల నుండి బీడు భూముల వరకు అది ఆక్రమించని చోటు అరుదు. కోనోకార్పస్ విషయంలో ఒక ఊరట ఉన్నది. ఇది మన ప్రాంతంలో ప్రధానంగా కత్తిరింపుల ద్వారా, మనిషి చేతి మీదుగానే వ్యాపించింది. కనుక నర్సరీలలో ఉత్పత్తిని ఆపినట్లయితే విస్తరణను చాలావరకు ఆపవచ్చు. చేయిదాటక ముందే సరిదిద్దుకొనే అవకాశం సర్కారు తుమ్మ విషయంలో లభించలేదు, ఇక్కడ లభించింది.

ఉన్న చెట్లను ఏమి చేయాలి?

కొత్తగా నాటకపోవడం సులభమైన నిర్ణయం. ఇప్పటికే ఎదిగిన చెట్ల విషయంలో మాత్రం ఒక క్రమం అవసరం. అన్నింటినీ ఒకేసారి తొలగిస్తే వేసవిలో నీడ, దుమ్ము నుండి రక్షణ ఒక్కపెట్టున కోల్పోవలసి వస్తుంది. ఈ క్రింది క్రమం ఆచరణయోగ్యం.

మొదటగా గ్రామం లేదా వార్డు వారీగా చెట్ల సంఖ్య, వయస్సు, గొట్టాలకు, బావులకు, నివాసాలకు వాటి దూరం, పూతకాలం నమోదు చేయాలి. స్థానిక పూతకాలం తెలియకుండా పుప్పొడి నియంత్రణ సాధ్యం కాదు. వ్యవసాయ, ఉద్యాన, అటవీ కళాశాలల విద్యార్థులు ఈ పనిని క్షేత్ర అధ్యయనంగా చేపట్టవచ్చు.

రెండవది, ఆసుపత్రులు, పాఠశాలలు, అంగన్‌వాడీ కేంద్రాల ఆవరణలలోను, మంచినీటి, మురుగునీటి మార్గాలను ఆనుకొని ఉన్న చెట్లను తొలగింపులో ముందు వరుసలో ఉంచాలి. నివాసాలకు దూరంగా, చౌడు నేలలలో గాలిని అడ్డుకొంటున్న వరుసలను చివరి దశకు వాయిదా వేయవచ్చు.

మూడవది, తొలగింపు జరిగే వరకు పూమొగ్గలు ఏర్పడక ముందే కొమ్మలు కత్తిరించాలి. ఇందువలన పూత, దానితోపాటు పుప్పొడి గణనీయంగా తగ్గుతాయి. కత్తిరించిన కొమ్మలను తేమగల నేలపై వదలకుండా ఎండబెట్టి వంటచెరకుగా వాడుకోవాలి.

నాలుగవది, మొదలు నరికినంత మాత్రాన ఈ చెట్టు చావదు. మోడు నుండి గుబురుగా చిగురిస్తుంది. కనుక మొదలును వేళ్లతో సహా పెకలించాలి. గొట్టాల సమీపంలో పెకలించేటప్పుడు సంబంధిత విభాగాల సిబ్బంది సమక్షంలో పని జరగాలి. చెట్ల నరికివేతకు వర్తించే 2002 నాటి వాల్టా చట్టం నిబంధనలను ముందుగా పరిశీలించి, అవసరమైన అనుమతులు పొందాలి.

ఐదవది, తొలగింపునకు ఒకటి రెండు వర్షాకాలాల ముందే ప్రత్యామ్నాయ మొక్కలను వరుసల మధ్య నాటడం మేలు. కొత్త మొక్క నిలదొక్కుకున్న తరువాత పాతది తొలగిస్తే పచ్చదనానికి విరామం ఉండదు.

ప్రత్యామ్నాయాల ఎంపిక

ఏ మొక్క మంచిదన్న ప్రశ్నకు, ఎక్కడ నాటుతారన్న ఎదురు ప్రశ్నతోనే సమాధానం మొదలు కావాలి. తీరప్రాంతపు ఇసుక, ఉప్పు గాలులకు పొన్న, గంగరావి, కానుగ తగినవి. సముద్రపు పోటు చేరే బురద నేలలలో తెల్లమడ మొదలైన స్థానిక మడ జాతులే నాటాలి. మడ పేరు గలిగినంత మాత్రాన కోనోకార్పస్ వాటికి ప్రత్యామ్నాయం కాజాలదు. వెడల్పైన రహదారుల అంచులకు వేప, కానుగ, నేరేడు అనుకూలం. చెరువు గట్లకు, కాలువ ఒడ్డులకు తెల్లమద్ది శ్రేష్ఠం. పాఠశాల ఆవరణలకు పొగడ, రేల నీడను, అందాన్ని ఇస్తాయి. ఇరుకైన డివైడర్లపై వృక్షజాతులను బలవంతంగా పెంచడం కంటె నందివర్ధనం, గన్నేరు, నూరువరహాలు వంటి పొదలతో సరిపెట్టుకోవడం ఉచితం. అయితే గన్నేరు అన్ని భాగాలు విషపూరితం గనుక పిల్లలు, పశువులు తిరిగే చోట దానిని నాటరాదు.

స్థానిక జాతి అయినంత మాత్రాన సమస్య తీరినట్లు కాదు. విశాఖపట్నంలో వీధుల వెంట విరివిగా నాటిన ఏడాకుల పాల మన దేశపు వృక్షమే. శీతాకాలంలో దాని పూల ఘాటైన వాసన వలన ఇబ్బంది పడుతున్నామని అక్కడి ప్రజలు ఫిర్యాదు చేశారు. అడవిలో చెట్టుకు చెట్టుకు మధ్య ఎడం ఉన్నప్పుడు సువాసనగా తోచేది, వీధి పొడవునా ఒకేసారి పూసినప్పుడు భారమవుతుంది. కోనోకార్పస్ స్థానంలో మరొక జాతిని అంతే గుడ్డిగా నింపితే పొరపాటు పేరు మాత్రమే మారుతుంది.

ఇందుకు అమెరికాకు చెందిన వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమోర్ 1990లో ప్రతిపాదించిన సూత్రం మార్గదర్శకం కాగలదు. ఒక పట్టణంలోని మొత్తం చెట్లలో ఒకే జాతి 10 శాతానికి, ఒకే ప్రజాతి 20 శాతానికి, ఒకే కుటుంబం 30 శాతానికి మించరాదన్నది ఆ సూత్రం. తెగుళ్ల ముప్పును దృష్టిలో ఉంచుకొని దీనిని రూపొందించినప్పటికీ, పుప్పొడి తీవ్రతను తగ్గించడానికి, పక్షులకు, తేనెటీగలకు ఏడాది పొడవునా ఆహారం లభించడానికి కూడా ఇది దోహదపడుతుంది. ప్రతి నర్సరీ తన ఉత్పత్తి ప్రణాళికను, ప్రతి పంచాయతీ తన నాటు ప్రణాళికను ఈ సూత్రంతో సరిచూసుకొనుట అభిలషణీయం.

ముగింపు

కోనోకార్పస్ తన సహజ స్థలంలో ఉపయోగకరమైన వృక్షం. ఎడారి అంచున గాలిని ఆపడానికి అది యోగ్యమే. జనసమ్మర్దమైన వీధులకు, పాత గొట్టాల పైన గల నేలకు, నీటి ఎద్దడి గల పొలాలకు మాత్రం అది తగినది కాదు. దానిని నాటవద్దని చెప్పడానికి పుప్పొడి, వేరు వ్యవస్థ, ఏకజాతి విస్తరణ అనే మూడు కారణాలు చాలు. నాలుగవ కారణంగా వదంతిని చేర్చవలసిన అవసరం లేదు. ఇకముందు ఏ కొత్త అలంకరణ మొక్క నర్సరీ గుమ్మం దాటి ఊరిలోకి వచ్చినా, దాని వేరు ఎంత దూరం పోతుంది, పూత ఎప్పుడు వస్తుంది, ఏ ప్రాణికి ఆశ్రయమిస్తుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే విస్తరణ శాస్త్రవేత్తలు దానిని సిఫారసు చేయాలి.